చిన్న సిక్లిడ్‌ల ట్యాంకు గురించి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

ఇళ్లలో ట్యాంకుల్లో పెంచే సిక్లిడ్ కుటుంబపు చేపల మీద నీ వ్యాసం చదివాను. చదివించే గుణం ఉంది, భాష గురించి నేను చెప్పాల్సింది పెద్దగా లేదు. కానీ "చిన్న సిక్లిడ్‌లకు 50 లీటర్ల ట్యాంకు సరిపోతుంది" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. అది నమ్మినవాడు రేపు షాపుకెళ్లి 50 లీటర్లు పట్టే ట్యాంకు ఏది కనబడితే అది కొనేస్తాడు.

మన దగ్గర ట్యాంకులు అమ్మేది అంగుళాల్లో. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు ఉన్న మామూలు రెండడుగుల ట్యాంకులో లెక్కకు 56 లీటర్లు పడతాయి. పొడవు 12, వెడల్పు 12, ఎత్తు 24 ఉండే నిలువు ట్యాంకులోనూ అవే 56 లీటర్లు. మొదటిదానికి నేల రెండు చదరపు అడుగులు, రెండోదానికి ఒక్కటే. ఈ చేపలు ఇల్లు కట్టుకునేది, గుడ్లు పెట్టేది, కొట్టుకునేది అంతా నేల దగ్గరే. అందుకని ముందు పొడవూ వెడల్పూ రాయి, లీటర్లు తర్వాత. ఆ 56 కూడా కాగితం మీదే. ఇసుక, రాళ్లు, పైన వదిలేసే ఖాళీ పోగా 45 మిగిలితే గొప్ప. మందు వేసేటప్పుడు డోసు లెక్క ఇక్కడే తప్పుతుంది కాబట్టి ఈ ముక్క ఎక్కడో ఒకచోట రాయి.

"అంగుళం చేపకు గ్యాలన్ నీళ్లు" అన్న సూత్రం మాత్రం కొట్టెయ్. అమెరికా గ్యాలన్ 3.8 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.5. ఏ గ్యాలనో చెప్పినా ఉపయోగం లేదు, ఆ సూత్రానికి చేప కోపం సంగతి తెలియదు.

అసలు చిక్కు నువ్వు "చిన్న" అని ఒకే గాటన కట్టేయడంలో ఉంది. ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సులో మల్టీఫాసియాటస్ అనే చిన్న సిక్లిడ్ ఉంది, హాబీవాళ్లు మల్టీ అంటారు. మగది నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు, ఆడది ఇంకా చిన్నది. ఖాళీ నత్తగుల్లల్లో కాపురం, ఇసుక తవ్వడం వాటి పని. పిల్లలు పెద్దయ్యాక కూడా అక్కడే ఉమ్మడి కుటుంబంలా ఉండిపోతాయి. ఒక్కో చేప కాపలా కాసేది తన గుల్ల చుట్టూ కొన్ని అంగుళాలే. 18 × 12 అంగుళాల నేలతో చిన్న గుంపును మొదలుపెట్టొచ్చు, రెండడుగులైతే హాయిగా పెరుగుతుంది. గట్టి నీళ్లు, అంటే లవణాలు ఎక్కువున్న కఠిన జలం, వీటికి ఇష్టం. హైదరాబాద్ బోరు నీళ్లను తిట్టుకునే పాఠకుడికి ఈ మాట చెబితే సంతోషిస్తాడు.

ఇప్పుడు అమెజాన్ నది వైపు ఉండే ఏపిస్టోగ్రామా అనే చిన్న సిక్లిడ్‌లను చూడు. వాటిలో కాకటువాయిడెస్ అనే రకంలో మగది 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆడది ఐదు. మల్టీకి దీనికి తేడా నాలుగు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఒక మగదాని ఇలాకాలో నాలుగైదు ఆడవి ఉండొచ్చు, ప్రతి ఆడదానికీ తన గుహ, చుట్టూ అడుగు మేర తన హద్దు ఉంటాయి. గుడ్లు పెట్టాక ఆడది పసుపు రంగుకు తిరిగి, తనకంటే పెద్దదైన మగదాన్నే తరిమేస్తుంది. వాగులో అయితే మగది పక్కకు పోతుంది. రెండడుగుల గాజు పెట్టెలో అది పోయేదెక్కడికి? ఒక జతకు ఈ ట్యాంకు చాలు, అదీ మధ్యలో కర్రలూ మొక్కలూ పెట్టి, ఒకదానికొకటి కనబడకుండా చేస్తేనే. కొబ్బరి చిప్పకు గాడి కొట్టి బోర్లిస్తే మంచి గుహ. ఒక మగ, మూడు ఆడ కావాలంటే మూడడుగులకు వెళ్లాల్సిందే. నీ వ్యాసంలో ఎక్కువ చోటు దీనికివ్వు, షాపువాడు చెప్పనిది ఇదే.

రామ్ అనే చిన్న సిక్లిడ్ గురించి నువ్వు రాసింది బాగానే ఉంది. ఒక జతకు రెండడుగుల ట్యాంకు సరే. అయితే వాటికి 27 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. చిన్న ట్యాంకులో కరెంటు పోయి ఎయిర్ పంప్ ఆగితే టెన్షన్ మొదలవుతుంది. క్రిబెన్సిస్ అనే ఇంకో చిన్న సిక్లిడ్‌కు కూడా ఒక జతకు రెండడుగులు చాలు. కానీ పిల్లలు బయటికొచ్చిన రోజు తల్లిదండ్రుల దెబ్బకు మిగతా చేపలన్నీ ఒక మూలకు చేరతాయి.

ఎలక్ట్రిక్ ఎల్లో అనే పసుపు సిక్లిడ్‌ను నీ చిన్న చేపల జాబితాలోంచి తీసెయ్. షాపులో రెండంగుళాలే ఉంటుంది, నిజమే. అది ఆఫ్రికాలోని మలావి సరస్సు చేప, గుంపుగా పెంచాలి, నాలుగడుగుల ట్యాంకు అడుగుతుంది. ఏంజెల్ చేప కూడా అంతే, అదీ సిక్లిడే, పైగా రెక్కలతో కలిపి నిలువుగా పెరుగుతుంది. ఎత్తు పనికొచ్చే సందర్భం అదొక్కటే ఇక్కడ.

ఇంకో సలహా. చేప పేరుతో మొదలుపెట్టి ట్యాంకు చెప్పే పద్ధతి మార్చు. చాలామంది ఇళ్లలో ట్యాంకు ముందే ఉంటుంది, మూడడుగులది పెట్టడానికి టేబుల్ ఉండదు. "మీ దగ్గర రెండడుగులది ఉందా, అయితే వీటిలో ఏదో ఒక్క జాతి" అని అక్కణ్నుంచి నడిపించు. "కనీసం" అన్న అంకె రాసిన ప్రతిచోటా ఎన్ని చేపలకో, గుడ్లు పెడితే ఏమవుతుందో ఆ పక్కనే రాయి. అవి తెలియకపోతే ఆ అంకె రాయకు.

తిరగరాశాక పంపు. ఈసారి ఫోటోలు ట్యాంకు పైనుంచి తీసినవి పెట్టు. ముందు నుంచి తీసినవాటిలో నేల ఎంతుందో తెలియడం లేదు.

ఉంటాను,
అన్నయ్య