మా అబ్బాయి రోజూ ఒకే పాట వింటున్నాడు

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయికి 23 ఏళ్ళు. ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఇంట్లోనే ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాడు. రెండు నెలల క్రితం కాజీపేటలో వాడి ప్రాణస్నేహితుడి పెళ్ళి జరిగింది. బరాత్‌లో అందరికంటే ముందు నిలబడి తీన్మార్ ఆడాడు. ఇంటికి వచ్చిన తరువాత రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి రాత్రిపూట తలుపు వేసుకుని ఒకే ఇంగ్లిష్ పాట పెట్టుకుని ఒక్కడే ఆడుతున్నాడు. అదేం పాట అని అడిగితే, రోబిన్ అనే గాయని పాడిన ‘డాన్సింగ్ ఆన్ మై ఓన్’ అనీ, అది తనలాంటి వాళ్ళ పాట అనీ చెప్పాడు. నీలాంటి వాళ్ళంటే ఎవరని అడిగితే, తనకు మగవాళ్ళ మీదే ప్రేమ కలుగుతుందని అన్నాడు. ఒక ఆడమనిషి తన బాధ గురించి పాడుకున్న పాట వీళ్ళది ఎట్లా అయింది? ఇట్లాంటి పాటలు విని మా వాడు ఇట్లా అయ్యాడా? ఆ పాట మాన్పిస్తే మారుతాడా? వాళ్ళ నాన్నకు ఇంకా తెలియదు. మా ఆడబిడ్డ తన బిడ్డను ఇస్తానంటున్నది. పెళ్ళి చేస్తే సర్దుకుంటాడేమో అనిపిస్తున్నది. డాక్టరుకు చూపించాలా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఈ మాట ఇంట్లో మొదట మీకే చెప్పాడు. మీరు కోప్పడకుండా, అది ఏం పాట అని తెలుసుకోవాలనుకున్నారు. మీకు తెలియకుండానే మీరు సరైన చోట మొదలుపెట్టారు కాబట్టి, నేను కూడా ఆ పాట గురించే ముందుగా, కాస్త వివరంగా రాస్తాను. మిగిలిన ప్రశ్నలకు జవాబు చాలా వరకు అందులోనే దొరుకుతుంది.

రోబిన్ స్వీడన్ దేశపు గాయని. పాట్రిక్ బెర్గర్‌తో కలిసి ఆమె రాసిన ఈ పాట 2010లో వచ్చింది. అందులోని కథ చిన్నది. తాను ప్రేమించిన మనిషి మరో అమ్మాయితో కలిసి అక్కడికి వస్తున్నాడని తెలిసి కూడా ఒక మనిషి డాన్స్ క్లబ్బుకు వెళ్తుంది. ఒక మూల నిలబడి వాళ్ళిద్దరినీ చూస్తుంది. వాళ్ళు మాత్రం ఆమెను గమనించరు. అయినా ఆమె అక్కడినుంచి వెళ్ళిపోకుండా ఒంటరిగానే ఆడుతూ ఉంటుంది. మాటలన్నీ దుఃఖంతో నిండి ఉంటాయి, కింద దరువు మాత్రం కొడుతూనే ఉంటుంది. ఏడవడానికి ఆగితే ఆట ఆగిపోతుంది, ఆట ఆపాలని ఆమెకు లేదు. ఆ పాట బలమంతా అక్కడే ఉందని నేను అనుకుంటాను.

ఇంకొక విషయం గమనించండి. ఈ కథను నేను తెలుగులో చెప్పేటప్పుడు ‘వస్తున్నాడు’ అని రాయక తప్పలేదు కానీ, పాటలో ప్రేమించబడినవారు ఆడో మగో ఎక్కడా చెప్పలేదు. పక్కన ఉన్న మూడో మనిషి అమ్మాయి అని తెలుస్తుంది, పాడే మనిషి ఆడది అని తెలిసేది ‘గర్ల్’ (అమ్మాయి) అనే ఒక్క మాట వల్లనే. అందువల్ల ఒక యువకుడు ఆ ఒక్క మాట మార్చుకుంటే చాలు, ఆ పాటను తన గొంతుతో పాడుకోవచ్చు. ఇది నిజంగానే జరిగింది. 2015లో బ్రిటన్‌లోని ఒక టెలివిజన్ పోటీలో కేలమ్ స్కాట్ అనే గాయకుడు దరువు తీసివేసి, నెమ్మదిగా ఇదే పాటను పాడాడు. ఆయన స్వలింగ ప్రేమికుడు, ఆ సంగతి బహిరంగంగా చెప్పుకున్న మనిషి. తన గురించిన ‘గర్ల్’ను ఆయన ‘గై’ (అబ్బాయి)గా మార్చుకున్నాడు గానీ, పాటలోని ‘ఆమె’ను ‘అతడు’గా మార్చలేదు. దానితో అది, తాను ప్రేమించిన మగవాడు ఒక అమ్మాయితో వెళ్ళిపోతుంటే మూలన నిలబడి చూస్తున్న మరో మగవాడి పాట అయింది. ఆ మరుసటి ఏడు ఆయన రికార్డు విడుదలై ప్రపంచమంతా తిరిగింది. ప్రేమించిన మనిషి పెళ్ళిలో చప్పట్లు కొట్టి, ఎవరికీ చెప్పుకోలేక ఇంటికి తిరిగి వచ్చిన వాళ్ళు ఎన్ని ఊళ్ళలో ఉంటారో ఊహించండి. అంతవరకూ ఎవరూ పాడని తమ సంగతిని వాళ్ళు అందులో విన్నారు.

ఇట్లాంటి పాటలు డాన్స్ పాటలే ఎందుకయ్యాయన్నదానికి వెనుక చరిత్ర ఉంది. 1960లలో న్యూయార్క్ నగరంలో స్వలింగ ప్రేమికులు కలుసుకునే బార్ల మీద పోలీసులు తరచూ దాడులు చేసేవారు, ఇద్దరు మగవాళ్ళు కలిసి ఆడినా అరెస్టు భయం ఉండేది. 1969 జూన్ 28న స్టోన్‌వాల్ ఇన్ అనే బారు మీద జరిగిన అట్లాంటి దాడిని అక్కడివాళ్ళు ఎదిరించారు. ఆ తరువాతి ఏళ్ళలో నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలవారు, స్వలింగ ప్రేమికులు చేరే క్లబ్బులలోనే డిస్కో సంగీతం పెరిగింది. ఇంట్లో, ఆఫీసులో, ప్రార్థనా స్థలంలో ఎక్కడా తానుగా ఉండలేని మనిషికి రాత్రి పూట ఆ కొద్ది గంటలు ఆ నేల మీద మాత్రమే స్వేచ్ఛ ఉండేది. పగలంతా మోసిన బాధను అక్కడే దించుకోవాలి, ఆడుతూనే దించుకోవాలి. 1978లో గ్లోరియా గేనర్ పాడిన ‘ఐ విల్ సర్వైవ్’ నిజానికి మగవాడు వదిలి వెళ్ళిన ఒక స్త్రీ పాట. 1980లలో ఎయిడ్స్ వల్ల స్నేహితులను వరుసగా పోగొట్టుకున్న వాళ్ళు దాన్ని తమ పాటగా చేసుకున్నారు. ఎవరూ తీర్మానం చేసి ప్రకటించలేదు. పాడుకున్న వాళ్ళు పాడుకుంటూ పోగా, ఏళ్ళు గడిచేసరికి అది వాళ్ళదైపోయింది.

ఇది మీకు పరాయి సంగతిగా తోచవచ్చు గానీ, హనుమకొండ ఆడబిడ్డగా మీకు ఇది బాగా తెలిసినదే. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ చుట్టూ తిరుగుతూ మీరు ఎన్నిసార్లు పాడి ఉంటారో, ఇద్దరు అక్కచెల్లెళ్ళను ఒకే ఊరికి ఇచ్చిన పాట, ఒక్కగానొక్క అన్న చూడ రాలేదని చెల్లె తల్లడిల్లే పాట. అందులోని మాటలు కన్నీళ్ళ మాటలు, చేతులు మాత్రం చప్పట్లు తప్పవు, అడుగు తప్పదు. ఆ పాటను మొదట కట్టినవారు ఎవరో మనకు తెలియదు. అయినా అత్తగారింట్లో నోరు విప్పలేని కోడళ్ళందరూ తల్లిగారింటికి వచ్చిన ఆ తొమ్మిది రోజులలో దాన్ని తమదిగా పాడుకున్నారు. ఆ పాట పాడినందువల్ల ఎవరి అన్నా రాకుండా పోలేదు. రాని అన్న గురించిన బాధ ముందే ఉన్నది, నలుగురిలో నిలబడి చెప్పుకోవడానికి పాట ఒక చోటు ఇచ్చింది. మీ అబ్బాయి విషయంలో కూడా ఇంతే జరిగింది. పాట అతని స్వభావాన్ని మార్చలేదు, మాన్పిస్తే మారేదీ లేదు. మాన్పిస్తే పోయేది అతనికి ఉన్న ఒక్క తోడు మాత్రమే.

తేడా ఒక్కటే. మీరు పదిమంది మధ్య చప్పట్లు కొట్టారు, అతను గది తలుపు వేసుకుని ఆడుతున్నాడు. నన్ను కలవరపెడుతున్నది పాట కాదు, ఆ మూసిన తలుపు.

ఇక ఆ పెళ్ళి గురించి. ఆ స్నేహితుడితో మీ అబ్బాయికి ఉన్న అనుబంధం ఎట్లాంటిదో నేను దూరం నుంచి నిర్ణయించలేను, మీరు కూడా నిర్ణయించవద్దు. కానీ బరాత్‌లో ముందుండి ఆడి, ఇంటికి వచ్చి అన్నం మానేసిన మనిషి అప్పటి నుంచే ఈ పాటను ఎంచుకున్నాడంటే, అతను ఏదో పోగొట్టుకున్నాడని అనుకోవడానికి కారణం ఉంది. ఒక అమ్మాయి దూరమై ఉంటే మీరు పక్కన కూర్చుని తల నిమిరేవారు. ఈ దుఃఖానికి కూడా అంతే ఓదార్పు అవసరం. అతని స్వభావం గురించి వాదన పెట్టుకోకండి, ఎవరు అని ఆరా తీయకండి. ‘ఆ పాట నాకు కూడా ఒకసారి వినిపించు, ఏమంటున్నదో చెప్పు’ అని అడగండి. అతను చెబుతుంటే మధ్యలో ఆపకుండా వినండి. ఏమనాలో తోచకపోతే ‘నీకు ఇంత బాధ ఉన్నదని నాకు తెలియలేదు బిడ్డా’ అంటే చాలు. పెళ్ళికొడుకు కుటుంబం దగ్గర గానీ, చుట్టాల దగ్గర గానీ ఒక్క మాట కూడా జారనివ్వకండి.

1984లో బ్రిటన్‌కు చెందిన బ్రోన్‌స్కీ బీట్ అనే ముగ్గురు స్వలింగ ప్రేమికుల బృందం ‘స్మాల్‌టౌన్ బాయ్’ అనే డాన్స్ పాట పాడింది. చిన్న పట్నపు కుర్రవాడు ఒక చిన్న పెట్టెలో తన వస్తువులన్నీ సర్దుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు, ఎందుకు వెళ్ళాడో అమ్మకు ఎప్పటికీ అర్థం కాదు. కాజీపేట జంక్షన్ నుంచి కూడా అట్లా పెట్టె పట్టుకుని రైలెక్కిన పిల్లలు ఉన్నారు. మీరు ఈ లేఖ రాశారు కాబట్టి మీ ఇంట్లో ఆ అవసరం రాదని నాకు గట్టి ఆశ ఉంది.

డాక్టరు సంగతి స్పష్టంగా చెబుతాను. స్వలింగ ప్రేమ జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. దాన్ని మారుస్తామని చెప్పే చికిత్సలను మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. అట్లాంటి హామీ ఇచ్చే వైద్యుడి దగ్గరికీ, బాబా దగ్గరికీ తీసుకుపోకండి. అయితే నిద్ర, తిండి తగ్గిపోయినా, చదువు మీద మనసు నిలవకపోయినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా, ఆ కుంగుబాటుకు చికిత్స తప్పక కావాలి. చావు మాట వింటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు, అతన్ని ఒంటరిగా వదలవద్దు. వరంగల్‌లోని ఎం.జి.ఎం. ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్ళవచ్చు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా తెలుగులోనే మాట్లాడుతుంది. మీ మనసు బరువెక్కినప్పుడు మీరు కూడా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు.

వాళ్ళ నాన్నకు చెప్పడం అబ్బాయి హక్కు. ఎప్పుడు, ఎట్లా చెప్పాలో అతన్నే నిర్ణయించుకోనివ్వండి, పక్కన మీరు ఉంటానని మాట ఇవ్వండి. ఆయన చట్టం గురించి భయపడితే, 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు ఇచ్చిందని చెప్పండి. అట్లాంటి పెళ్ళికి చట్టబద్ధమైన గుర్తింపు మాత్రం ఇంకా లేదు, 2023లో అదే కోర్టు దాన్ని పార్లమెంటుకు వదిలిపెట్టింది.

మీ ఆడబిడ్డకు జవాబు ఆలస్యం చేయకండి. పెళ్ళి వల్ల మీ అబ్బాయి సర్దుకోడు, ఆ అమ్మాయి మాత్రం తన తప్పేమిటో తెలియకుండా ఏళ్ళ తరబడి బాధపడుతుంది. ఆమె కూడా మీ ఇంటి బిడ్డే కదా. కారణం చెప్పవలసిన పని లేదు. ‘వాడు ఇప్పుడు పెళ్ళి ఆలోచనలో లేడు, మీరు వేరే సంబంధం చూసుకోండి’ అని మీ నోటితో మీరే చెప్పండి. ఆ మాట అబ్బాయి మీద పెట్టకండి. చెప్పిన తరువాత, చెప్పేశానని అతనికి కూడా తెలియజేయండి.