పంజరాన్ని పడుకోబెట్టండి

మీరు రెండు బడ్జీల (చిన్న పెంపుడు చిలుకల) కోసం 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు, 90 ఎత్తుతో పంజరం గీశారు, చెక్క చట్రంతో ఖర్చు పెరిగిపోతోందన్నారు. ఆ బొమ్మనే అడ్డంగా తిప్పండి. ఈ పిట్టలు పక్కకు ఎగురుతాయి గానీ హెలికాప్టరులా నిట్టనిలువుగా లేవవు.

చట్రం అసలు అక్కర్లేదు, ఎలాగూ కొరికి పారేస్తాయి. అర అంగుళం గడుల వెల్డ్ మెష్ (అతికించిన తీగల జాలీ), 90 సెంటీమీటర్ల వెడల్పుది, 225 పొడవు తీసుకోండి. అందులో 180 ముక్కను ప్రతి 45 దగ్గర మడిస్తే ముందు, వెనుక, పైన, కింద నాలుగూ వచ్చేస్తాయి. మిగిలినదాన్ని సగానికి కోస్తే రెండు పక్కలు. తలుపుకు మరో 25 కలుపుకోండి. అంచులను తీగతో కట్టి, కొసలను ఆకురాయితో అరగదీయండి.

ఒక్కచోట మాత్రం బద్ధకించవద్దు. జాలీ మీది జింకు పూత కడుపులోకి వెళితే పిట్టలకు విషం. వీటికేమో తీగ కొరకడమే కాలక్షేపం. పూత బొడిపెలు కట్టిన జాలీ కొనకండి. నునుపైనదాన్ని కూడా వెనిగర్‌తో, గట్టి బ్రష్షుతో రుద్ది, బాగా కడిగి ఆరబెట్టండి. దీనితో ముప్పు పూర్తిగా పోదు గానీ చాలా తగ్గుతుంది.

కూర్చునేందుకు మందు కొట్టని చెట్ల కొమ్మలు, వేర్వేరు మందాలవి చాలు. గింజల గిన్నెకు సరిగ్గా పైన మాత్రం పెట్టకండి, కారణం మొదటి రోజే కనిపిస్తుంది.