సాయంత్రపు బేరం, ఫ్రీజరు లెక్క

ప్రశ్న: మా ఇంటి దగ్గరి రైతుబజారులో రాత్రి 7 గంటలు దాటితే మిగిలిన కూరగాయలను కుప్పలు పోసి సగం ధరకే ఇచ్చేస్తారు. పోయిన నెల అలా 3 కిలోల బీన్స్, 2 కిలోల వంకాయలు, 5 కిలోల టమాటాలు తెచ్చి, కడిగి, కవర్లలో కట్టి ఫ్రీజరులో పెట్టాను. మూడు వారాల తర్వాత తీసి చూస్తే బీన్స్ ఎండుగడ్డి వాసన వచ్చాయి, వంకాయ ముక్కలు నల్లబడి పీచుపీచుగా అయ్యాయి, కవరులో ఉన్నదంతా ఒకే రాయిలా గడ్డకట్టింది. ఇందులో నిజంగా ఆదా ఉందంటారా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: ఉంది. మీరు కొన్న ధరలో తప్పు లేదు. కూరగాయలు ఇంటికి వచ్చిన తర్వాత జరగవలసిన గంట పని జరగలేదు, అంతే.

కోసిన తర్వాత కూడా కూరగాయలలోని ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. చలి వాటిని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపలేదు కాబట్టి, పచ్చిగా పెట్టిన బీన్స్ ఫ్రీజరులో ఉండగానే రంగు, రుచి కోల్పోయి గడ్డి వాసన పట్టాయి. వాటిని ఆపేది వేడి. అర కిలో ముక్కలకు సుమారు 4 లీటర్ల నీళ్లు పెద్ద గిన్నెలో తెర్లనిచ్చి, ముక్కలు వేసి, నీళ్లు మళ్లీ మరగడం మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టుకుని, బీన్స్, కాలీఫ్లవర్ అయితే 3 నిమిషాలు, క్యారెట్ ముక్కలైతే 2 నిమిషాలు, పచ్చి బఠాణీలైతే నిమిషంన్నర ఉంచి తీసేయాలి. తీసిన వెంటనే అంతసేపూ ఐసు వేసిన నీళ్లలో ఉంచాలి. లేకపోతే లోపలి వేడికి ముక్క ఉడుకుతూనే ఉంటుంది.

తర్వాతి మెట్టును చాలామంది దాటవేస్తారు. ముక్కలను నూలు బట్ట మీద పరచి తడి పూర్తిగా అద్దేయాలి. మీ కవరు రాయిలా తయారైంది ఆ తడి వల్లనే. ఆరిన ముక్కలను స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసగా పరచి, గంటా రెండు గంటలు ఫ్రీజరులో ఉంచి, పళ్లెం కదిపితే గచ్చకాయల్లా గలగలమన్నాక కవరులోకి ఎత్తి, గాలి మొత్తం నొక్కి తీసి మూయండి. అప్పుడు కావలసిన గుప్పెడు తీసుకుని మిగతాది మళ్లీ లోపల పెట్టుకోవచ్చు. వండేటప్పుడు కరగబెట్టకుండా నేరుగా మూకుడులో వేయండి.

మీరు చేసిన మరో పొరపాటు 10 కిలోలు ఒకేసారి పెట్టడం. నెమ్మదిగా గడ్డకట్టే కూరగాయలో మంచు పలుకులు పెద్దవిగా పెరిగి కణాల గోడలను చీల్చేస్తాయి. కరిగాక నీరంతా కారి ముక్క మెత్తబడుతుంది. 60 లీటర్ల ఫ్రీజరులో రోజుకు 2 కిలోలకు మించి కొత్త సరుకు పెట్టకపోవడం మంచిది. నెలల తరబడి నిలవకు మైనస్ 18 డిగ్రీలు కావాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో పైన ఉండే చిన్న అర చాలావాటిలో అంత చల్లబడదు. అందులో పెట్టిన ఐస్‌క్రీమ్ చెంచాకు సులువుగా దిగుతుంటే మీది అలాంటిదేనని అనుకుని, పెట్టినవాటిని కొద్ది వారాల్లోనే వాడేయండి.

ఇక ఏవి పెట్టాలి? నా మటుకు నాకు, మన వంటలకు పచ్చి ముక్కల కన్నా సగం వండిన సరుకు దాచుకోవడమే నయమనిపిస్తుంది. వంకాయను పచ్చిగా పెట్టకండి. కాల్చి, తొక్క తీసి, మెదిపిన గుజ్జును చిన్న డబ్బాల్లో పెడితే పచ్చడికి ఇట్టే పనికొస్తుంది. గోంగూరను నూనెలో మగ్గించి పెట్టుకోవచ్చు. టమాటాకు ఈ శ్రమ ఏదీ అక్కర్లేదు: కడిగి, తుడిచి, కాయ పళంగా పెట్టేయడమే. కావలసినప్పుడు తీసి కుళాయి కింద పట్టుకుంటే తొక్క దానంతటదే ఊడి వస్తుంది. ముక్క నిలవదు గనుక కూరకు అంతగా బాగుండదు గానీ పప్పుకు, చారుకు, పులుసుకు దివ్యంగా ఉంటుంది. 2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటిన రోజులు గుర్తున్నవారికి దీని విలువ చెప్పనక్కర్లేదు. ఒంట్లో ఓపిక లేని సాయంత్రం టమాటాలు మాత్రమే కొనండి. సొరకాయ, పొట్లకాయ, దోసకాయ, పచ్చి బంగాళాదుంప జోలికి పోవద్దు. గోరుచిక్కుళ్లు ఎక్కువగా దొరికితే ఎండలు బాగా కాసే రోజుల్లో వరుగులు పెట్టుకోండి, ఆ పనికి కరెంటు బిల్లు కూడా రాదు.

కుప్పలో అన్నీ మంచివే ఉండవు. జిగురు పట్టినవి, బూజు ఉన్నవి, మెత్తబడినవి ఆ రాత్రే ఏరి పారేయండి. ఫ్రీజరు సూక్ష్మజీవులను నిద్రపుచ్చుతుందే గానీ వాటన్నిటినీ చంపదు, వడలిన కాయను తాజాగా మార్చదు. కిలో 60 రూపాయల బీన్స్ మీకు 30కే వచ్చాయనుకుందాం. అర కిలో ఏరి పారేస్తే పోయేది 15 రూపాయలు. ఏరకుండా పెట్టి చివరకు 3 కిలోలూ పారబోస్తే పోయేది 90.

ప్రశ్న: మా ఊళ్లో కరెంటు తరచుగా పోతుంది. ఫ్రీజరులోని కూరగాయలు పాడవుతాయా?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: తలుపు తెరవకుండా ఉంటే, నిండుగా ఉన్న మంచి ఫ్రీజరు సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలిని నిలుపుకుంటుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని చిన్న అరకు ఈ లెక్క వర్తించదు, అది చాలా త్వరగా కరుగుతుంది. కరెంటు వచ్చాక ముక్కల్లో ఇంకా మంచు పలుకులు కనిపిస్తుంటే మళ్లీ గడ్డకట్టనివ్వవచ్చు, రుచి కొంత తగ్గుతుంది. పూర్తిగా కరిగినా ఫ్రిజ్‌లో పెట్టినంత చల్లగానే ఉంటే వెంటనే వండేయండి. వెచ్చబడి గంటలు గడిచిపోతే మొహమాటం లేకుండా పారేయండి.