షిప్పులో మా డాలర్ నోట్లు తీసుకుంటారా?

ప్రశ్న: నమస్తే అండీ. నేను రిటైర్డ్ టీచర్ని, మాది తెనాలి. డాలస్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాం, వచ్చే నెల గాల్వెస్టన్ నుంచి అయిదు రోజుల క్రూజ్‌కి తీసుకెళ్తామంటున్నారు, టికెట్లు అల్లుడుగారే కొన్నారు. లోపల అయ్యే ఖర్చులైనా మేం పెట్టుకుందామని నాకూ మా ఆవిడకీ ఉంది. క్రెడిట్ కార్డు లేదు, ఊర్నుంచి తెచ్చుకున్న డాలర్ నోట్లే ఉన్నాయి. షిప్పులో క్యాష్ తీసుకోరు నాన్నా అంటోంది అమ్మాయి, నిజమేనా? అల్లుడుగారి కార్డు మీద పడకుండా దారి ఏదైనా ఉందా?

జవాబు: మాస్టారూ, అమ్మాయి చెప్పిందీ నిజమే, మీరు అనుకున్నదీ కుదురుతుంది. షాపులోనో కాఫీ కౌంటర్లోనో నోటు చాపితే తీసుకోరు. ఎక్కేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక కార్డు ఇస్తారు, రూమ్ తాళం అదే, ఊళ్ళో దిగి మళ్ళీ ఎక్కేటప్పుడు చూపించేదీ అదే, ఏం కొన్నా గీకేదీ అదే. షిప్పు కంపెనీల్లో కార్నివాల్ వాళ్ళు దీన్ని సెయిల్ అండ్ సైన్ కార్డు అంటారు, రాయల్ కరీబియన్ వాళ్ళు సీపాస్ అంటారు. మీరు వాడిందంతా ఆ కార్డు పద్దులో పడుతుంది, ఆ పద్దు తీర్చేది క్రెడిట్ కార్డుతోనా నోట్లతోనా అన్నది మన ఇష్టం.

నోట్లతో అయితే ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి వెళ్ళి క్యాష్ అకౌంట్ కావాలని చెప్పి కొంత డిపాజిట్ కట్టాలి, ఎంత అన్నది కంపెనీని బట్టి, రోజుల్ని బట్టి మారుతుంది. అది అయిపోతే కార్డు పనిచేయడం ఆగిపోతుంది, మళ్ళీ వెళ్ళి కట్టాలి. మిగిలింది చివర్లో వెనక్కిస్తారు. మా నాన్నగారిని తీసుకెళ్ళినప్పుడు ఇదే పద్ధతి పెట్టుకున్నాం, మూడో రోజు ఆయన మనవడికి ఐస్‌క్రీమ్ షేక్ కొనబోతే కార్డు చెల్లలేదు, వెనక లైన్లో జనం, ఆయన మొహం చిన్నబోయింది, అది నాకు ఇప్పటికీ బాధే. అందుకే నేను చెప్పేది రెండో దారి. అల్లుడుగారి కార్డు హామీగా అలాగే ఉండనివ్వండి, దిగే ముందు రోజు సాయంత్రం కౌంటర్‌కి వెళ్ళి మీ ఇద్దరి పద్దు ఎంతయిందో ప్రింట్ తీయించుకుని మొత్తం నోట్లతో కట్టేయండి, ఆ తర్వాత ఏమీ కొనకపోతే ఆయన కార్డు మీద పడడానికి ఏమీ మిగలదు. ఆ రాత్రి బాగా పొద్దుపోయాక, తెల్లారి దిగే ముందూ లైను చాంతాడంత ఉంటుంది, భోజనానికి ముందే వెళ్ళండి. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.

ఎంత అవుతుందో ముందే లెక్కేసుకోండి, మనవాళ్ళు ఇక్కడే కంగుతింటారు. తిండి టికెట్లోనే ఉంది, మామూలు టీ కాఫీ నీళ్ళు కూడా బఫేలో ఫ్రీ. కానీ టిప్పులని రోజుకి మనిషికి ఇంతని పద్దులో వాటంతట అవే పడిపోతాయి, మామూలు రూముకి 17 డాలర్లు అనుకుంటే మీ ఇద్దరికీ అయిదు రోజులకి 170 డాలర్లు, అంటే ఏమీ కొనకుండానే. వీటిని తీసేయమని అడిగేవాళ్ళున్నారు, దయచేసి మీరు అడగొద్దు, రూము సర్దేవాళ్ళూ వడ్డించేవాళ్ళూ నెలల తరబడి ఇల్లు వదిలి అందులో పనిచేస్తారు, వాళ్ళ సంపాదనలో పెద్ద భాగం అదే. టికెట్‌తో పాటే కట్టేశారేమో అల్లుడుగారిని ఒక మాట అడగండి, కట్టేసి ఉంటే ఆ 170 ఆయన చేతిలోనే పెట్టొచ్చు. ఇక వైఫై, ఫొటోలు, కూల్‌డ్రింకులు, స్పెషల్ రెస్టారెంట్లు వేరే, డ్రింకుల ధర మీద 18 నుంచి 20 శాతం సర్వీస్ ఛార్జి కూడా వేస్తారు. ఫొటోలు తీస్తూనే ఉంటారు, కొంటేనే డబ్బు.

ఒక్క డాలరు, అయిదు డాలర్ల నోట్లు కొన్ని విడిగా జేబులో పెట్టుకోండి. గాల్వెస్టన్‌లో పెట్టెలు మోసేవాళ్ళకి పెట్టెకి ఒకటో రెండో ఇవ్వాలి. షిప్పు మెక్సికోలో కోజుమెల్ దగ్గర ఆగితే అక్కడ టాక్సీకి, అంగళ్ళకి డాలర్లు చెల్లుతాయి, కాకపోతే పెద్ద నోటు ఇస్తే చిల్లర వాళ్ళ పెసోల్లో వస్తుంది, అవి తెనాలి తెచ్చుకుని చేసేదేం లేదు. షిప్పులో ఏటీఎం ఉంటుంది గానీ ఫీజు బాగా లాగుతుంది. మిగతా నోట్లు రూములో ఉండే చిన్న లాకర్లో పెట్టుకోండి.

ఇంకా ఊళ్ళోనే ఉండి బయల్దేరబోయేవాళ్ళకి కూడా ఒక మాట, ఒక్క ట్రిప్పుకి నోట్ల రూపంలో 3000 డాలర్ల వరకే ఇస్తారు, వాటికి మీరిచ్చే సొమ్ము 50,000 రూపాయలు దాటితే బ్యాంకు ద్వారానే కట్టాలి. మాస్టారూ, తిరిగి వెళ్ళాక మీ దగ్గర 2000 డాలర్ల దాకా మిగిలినా ఉంచుకోవచ్చు, అంతకు మించింది మాత్రం 180 రోజుల్లోపు రూపాయల్లోకి మార్చేయాలి.