కారు అమ్మబోతే వచ్చిన ఆరంకెల కోడ్

విజయనగరంలో మా పక్కింటివారి అబ్బాయి డాలస్‌లో ఎమ్మెస్ ముగించి, చెల్లెలి పెళ్లికి ఇంటికి వచ్చి, అక్కడ స్నేహితుడి ఇంటి ముందు వదిలి వచ్చిన కారును ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడు. గంట తిరక్కుండానే ఒకరు అడిగిన ధరకు ఒప్పుకొని, "మీరు నిజమైన యజమానో కాదో తేల్చుకోవాలి, మీ ఫోనుకు ఆరంకెల కోడ్ పంపాను, అది చెప్పండి" అని సందేశం పెట్టారట. అమెరికా నుంచి సెలవు మీద వచ్చి ఉన్న నా దగ్గరకు అతడు పొద్దున్నే ఫోను పట్టుకుని వచ్చి, "బాబాయ్ గారూ, చెప్పేయమంటారా?" అని అడిగాడు.

కోడ్ వచ్చిన సందేశాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివించాను. అది గూగుల్ వాయిస్ (ఇంటర్నెట్ ద్వారా ఫోను నంబరు ఇచ్చే గూగుల్ సేవ) కోడ్ అనీ, ఎవరికీ చెప్పవద్దనీ అందులోనే ఉంది. చెప్పి ఉంటే, అవతలివాడు ఈ అబ్బాయి నంబరు ఆధారంగా తనకొక గూగుల్ వాయిస్ నంబరు తెరుచుకుని, దానితో మరెందరినో మోసగించేవాడు. ఆరా తీసినవారు చివరికి వచ్చేది ఈ అబ్బాయి దగ్గరకే. ఇప్పటికే చెప్పినవారు బెంగపడకుండా, గూగుల్ సహాయ పేజీలో ఉన్న పద్ధతిలో తమ నంబరును వెనక్కు తీసుకోవచ్చు.

నేను తప్పించుకోలేకపోయిన మోసం ఇంకొకటి ఉంది. నా మొదటి కారు అమ్మేటప్పుడు, ఫలానా వెబ్‌సైటు నుంచి వాహన చరిత్ర నివేదిక (కారుకు జరిగిన ప్రమాదాల వంటి పాత వివరాలు చెప్పేది) తెచ్చి చూపితే రేపే వచ్చి కొంటానని ఒకాయన మర్యాదగా రాస్తే, 20 డాలర్లే కదా అని కార్డు వివరాలు ఇచ్చాను. నివేదిక వచ్చింది, ఆయన రాలేదు, కార్డు మార్చుకోవలసి వచ్చింది. ప్రతి వాహనానికీ విడిగా ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉన్న గుర్తింపు సంఖ్య 'విన్'ను గుర్తుకు తెచ్చేలా ఇలాంటి సైట్ల చిరునామాలు కొన్ని 'డాట్ విన్'తో ముగుస్తాయి. నిజానికి ఆ మాటకు ఫ్రెంచిలో ద్రాక్షసారా అని అర్థం, కార్లతో దానికి ఏ సంబంధమూ లేదు. నివేదిక నిజంగా కావాలంటే, అమెరికా న్యాయశాఖ వెబ్‌సైటులో ఉన్న ఆమోదిత సంస్థల జాబితా నుంచి మీరే ఎంచుకోండి. కొనేవారు పంపిన లింకు మాత్రం తెరవకండి.

మా అలమండ సంతలో ఎద్దును కొనే రైతు నోరు తెరిపించి పళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి చూశాకే ధర ఎత్తుతాడు. ఎన్ని మైళ్లు తిరిగింది, టైర్లు ఎప్పుడు మార్చారు అని ఒక్క మాటైనా అడగకుండా మీ కోడ్, మీ కార్డు, మీ ఈమెయిల్ అడిగేవాడికి కారుతో పని లేదు.

ధర కంటే ఎక్కువకు క్యాషియర్ చెక్కు (బ్యాంకే తన పేరిట రాసి ఇచ్చే చెక్కు) పంపి, మిగిలింది తిరిగి పంపమనేవారూ ఉంటారు. చెక్కు సొమ్ము ఖాతాలో కనబడినంత మాత్రాన అది అసలుదని కాదు. నకిలీ అని వారాల తర్వాత తేలినా బ్యాంకు మీ దగ్గరే వసూలు చేస్తుంది. అందుకే కొనేవారి బ్యాంకు శాఖలోనే కలుసుకుని, చెక్కు మీ కళ్ల ముందే రాయించుకోవాలి.

పక్కింటి అబ్బాయి ఆ నంబరును బ్లాక్ చేసి, ప్రకటన తీసేశాడు. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద యజమానిగా సంతకం పెట్టవలసింది తనే కనుక, డాలస్ తిరిగి వెళ్లాకే అమ్ముతానన్నాడు. అమ్మిన 30 రోజుల్లోగా టెక్సాస్ వాహన శాఖకు బదిలీ సమాచారం పంపమనీ, నంబరు ప్లేట్లు విప్పి దగ్గర పెట్టుకోమనీ చెప్పి పంపాను.