టెంట్‌లో తడిసిపోయాం, మళ్లీ వెళ్లొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా, పోయినేడు అయిదుగురు ఫ్రెండ్స్‌మి కలిసి ఒక ఔట్‌డోర్ మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్లాం. పెద్ద స్టార్లు వచ్చేది కాదు, ఇండీ బ్యాండ్లు, ఎప్పుడూ పేరు కూడా వినని వాళ్లు పాడే టైపు. మూడు రోజులు, రెండు రాత్రులు టెంట్‌లోనే. మొదటి రాత్రే వాన. నలుగురికి అని రాసున్న టెంట్‌లో అయిదుగురం దూరాం, పొద్దున లేచేసరికి బట్టలు, స్లీపింగ్ బ్యాగులు అన్నీ తడి. రెండో రోజు గుంపులో తప్పిపోయాం, ఫోన్లు కలవలేదు, నేను ఆర్నెల్ల నుంచి ఎదురుచూసిన బ్యాండ్ పాడుతుంటే నేనేమో ఫ్రెండ్‌ని వెతుక్కుంటూ టాయిలెట్ల చుట్టూ తిరుగుతున్నా. ఇంటికొచ్చాక రెండు రోజులు చెవుల్లో ఒకటే గుయ్ మని మోత. ఇప్పుడు మళ్లీ వెళ్దాం అంటున్నారు. పాటలంటే నాకు ప్రాణం, కానీ భయంగా ఉంది. వెళ్లనా?

జవాబు: వెళ్లు. పేరు తెలియని బ్యాండ్ ఏదో ఒక చిన్న స్టేజ్ మీద మొదలుపెడితే, పక్కనుంచి పోతూ పోతూ ఆగిపోయి చివరిదాకా వినేసిన అనుభవం నీకూ ఉండే ఉంటుంది, అది వదులుకోవద్దు. వాన అంటావా, 1969 ఆగస్టులో అమెరికాలో జరిగిన ఉడ్‌స్టాక్ ఫెస్టివల్ నుంచీ ఆరుబయట ఫెస్టివల్ అంటే వానా బురదా ఉన్నవే. కాకపోతే నువ్వు చెప్పిన కష్టాలన్నీ ముందే ఆపగలిగినవి.

ముందు టెంట్. నలుగురికి అని రాస్తే నలుగురూ పక్కపక్కన అతుక్కుని పడుకుంటే సరిపోతుందని అర్థం, బ్యాగులకి చోటు అందులో లేదు. కాబట్టి ఇద్దరికి ముగ్గురి టెంట్, ముగ్గురికి నలుగురి టెంట్, అంటే మీ అయిదుగురికీ రెండు టెంట్లు కావాలి. ఇంకో మాట, ఆ రోజు మిమ్మల్ని తడిపింది మొత్తం వాన నీళ్లే అనుకోకు. పొద్దున్నే లేచి టెంట్ లోపలి గోడ మీద వేలు పెట్టి చూడు, సన్నసన్న చుక్కలు వరసగా ఉంటాయి, అవి మీ ఊపిరిలోంచి వచ్చిన తేమే. అయిదుగురు రాత్రంతా ఊపిరి వదిలితే ఆ తేమ ఎటు పోవాలి, చల్లటి గుడ్డ మీద చేరి నీళ్లవుతుంది, స్లీపింగ్ బ్యాగ్ దానికి తగిలిందంటే అది కాస్తా పీల్చేస్తుంది. అందుకే వాన పడుతున్నా సరే పైనుండే చిన్న గాలి కంతలు మూయొద్దు. పైన కప్పే షీటు లోపలి టెంట్‌కి అంటుకోకుండా తాళ్లు బిగించి లాగాలి, తడిస్తే గుడ్డ సాగి వేలాడుతుంది కాబట్టి సాయంత్రం మళ్లీ ఒకసారి బిగించుకోవాలి. టెంట్ కింద వేసే ప్లాస్టిక్ షీటు అంచు బయటికి కనపడకుండా లోపలికి మడిచెయ్, బయటికి ఉంటే వాన నీళ్లు దాని మీద పడి నేరుగా మీ నడుం కిందకే వచ్చి చేరతాయి (దీనివల్లే తడిసే వాళ్లు చాలామంది, కారణం మాత్రం తట్టదు). పల్లంలో వేయొద్దు, టాయిలెట్లకి పోయే దారి పక్కన అసలే వద్దు, రాత్రంతా ఎవరో ఒకరు మీ తాళ్లకి తట్టుకుని పడుతూనే ఉంటారు. బయల్దేరే ముందు ఒక్కసారి ఇంటి దగ్గరే టెంట్ వేసి చూసుకోండి.

నిద్రకి మ్యాట్ ముఖ్యం. ఒంటి వేడిని కింద నేల లాగేస్తుంది, స్లీపింగ్ బ్యాగ్ ఎంత మందమైనా మన బరువుకి కిందవైపు నలిగిపోతుంది కదా, అక్కడ కాపాడేది మ్యాటే. ఒక జత పొడి సాక్సులు కవర్లో చుట్టి పెట్టుకో, రాత్రి పడుకునేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ తియ్యకు.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. చలేస్తోందనో వానొస్తోందనో స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ టెంట్ లోపలికి తేవొద్దు. ఆరిపోయిందనుకున్న బొగ్గులు కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక తప్పిపోవడం. అక్కడ వేలమంది ఒకేసారి ఫోన్ వాడుతుంటారు, కాల్ కలవదు, నెట్ రాదు, మామూలు ఎస్ఎమ్మెస్ మాత్రం ఒక్కోసారి వెళ్లిపోతుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ తీసుకెళ్తే ఫోన్‌కి నిజంగా ఎక్కేది సుమారు 6,000 అనుకో, మిగతాది కరెంటు మార్పిడిలో పోతుంది. కాబట్టి ఫోన్ ఉంది కదా అని ధీమాగా ఉండకుండా ఒక చోటు, ఒక టైము పొద్దున్నే మాట్లాడేసుకోండి. స్టేజ్ దగ్గర అంటే లాభం లేదు. స్టేజ్‌కి ఎదురుగా జనం మధ్యలో సౌండ్ మిక్స్ చేసే బూత్ ఉంటుంది, దానికి ఎడమ పక్క అని చెప్పుకోండి. సౌండ్ సరిచేసే మనిషి అక్కడే కూర్చుని వింటూ చేస్తాడు కాబట్టి పాట కూడా అక్కడే బాగా వినిపిస్తుంది.

అసలు మీ గొడవంతా అయిదుగురం అన్నీ కలిసే చూడాలి అనుకోవడం దగ్గర మొదలైందని నాకనిపిస్తోంది. నాలుగైదు స్టేజ్‌లు, ఒకే టైముకి మూడు బ్యాండ్లు, అయిదుగురి ఇష్టాలు, ఎట్లా కుదురుతుంది చెప్పు. మనిషికొక బ్యాండ్ ఎంచుకోండి, ఆ ఒక్కదానికి మిగతా నలుగురూ వచ్చి తీరాలి, నచ్చినా నచ్చకపోయినా. మిగతా టైమంతా ఎవరి దారి వాళ్లది, రాత్రికి టెంట్ దగ్గర కలుస్తారు. నీ బ్యాండ్ టైములో ఎవరు తప్పిపోయినా నువ్వు కదలొద్దు, వెతికే పని ఇంకొకరిదని ముందే అనుకోండి.

చెవుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దమ్మా. 85 డెసిబెల్స్ శబ్దం 8 గంటల వరకు భరించొచ్చని లెక్క, అక్కణ్ణుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగానికి పడిపోతుంది, 100 దగ్గరికొచ్చేసరికి 15 నిమిషాలే. స్పీకర్ల ముందు అంత సౌండ్ మామూలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. సంగీతం వినేవాళ్ల కోసమే చేసిన ఇయర్‌ప్లగ్స్ ఉన్నాయి, పాట చెడదు, సౌండ్ మాత్రం తగ్గుతుంది, అవి కొనుక్కో. ఈసారి కూడా మోత రెండు రోజులు దాటితే, లేదా ఒక చెవికి తక్కువ వినిపిస్తుంటే వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించు.

ప్రశ్న: మేడమ్, చివరి రోజు చాలామంది తడిసిన టెంట్లు అక్కడే వదిలేసి వచ్చేస్తున్నారు. ఎవరో ఒకరు వాడుకుంటారులే అంటున్నారు, నిజమేనా?

జవాబు: వదిలేసినవి చాలావరకు చెత్తలోకే పోతాయి, విరిగిన కర్రలు, బురద పట్టిన గుడ్డ ఎవరు వాడతారు చెప్పండి. 1970 నుంచి ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ మ్యూజిక్ ఫెస్టివల్ జరుగుతున్న చోటు పాడిపశువుల ఫారమ్, నేల కోలుకోవడానికని మధ్యమధ్యలో ఒక ఏడాది ఫెస్టివలే ఆపేస్తారు, 2018లో అలాగే ఆపారు. అలాంటి నేలలో టెంట్ తాళ్లు కట్టడానికి దిగ్గొట్టే ఇనుప పెగ్గు ఒకటి ఉండిపోతే తర్వాత మేతకొచ్చిన ఆవు గడ్డితో పాటు మింగేయొచ్చు. టెంట్ తడిగా ఉంటే అలాగే కవర్లో కుక్కి తెచ్చుకోండి, ఇంటికి రాగానే ఆరేయండి, రెండు రోజులు అలాగే ఉంచేస్తే బూజు పడుతుంది. పెగ్గులు మాత్రం దిగ్గొట్టేటప్పుడే లెక్కపెట్టుకోండి, పీకేటప్పుడు ఒకటి తక్కువైతే గడ్డిలో చెయ్యి పెట్టి వెతికి తీశాకే బయల్దేరండి.