అడగాల్సింది మండలేలో ఉన్న అత్తగారిని

ప్రశ్న: నాది విశాఖపట్నం. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆస్పత్రిలో డాక్టర్‌ని. మా ఆయన కూడా డాక్టరే. ఆయన సొంతూరు మయన్మార్‌లోని మండలే, చదివిందీ అక్కడే. పెళ్లై ఆరేళ్లయింది, నాలుగేళ్ల పాప ఉంది. 2021లో అక్కడ సైన్యం అధికారం లాక్కున్నప్పటి నుంచి ఆయన డబ్బు పంపేవారు, అక్కడి డాక్టర్లకు ఫోన్‌లో సలహాలిచ్చేవారు. 2025 మార్చి భూకంపం తర్వాత కూడా బాంబులు వేయడం ఆపలేదని తెలిశాక ఇక ఊరుకోలేకపోయారు. లండన్ సభల్లో పేరు చెప్పి మరీ మాట్లాడుతున్నారు. ఆ వీడియోలు అన్నిచోట్లా తిరుగుతున్నాయి. అత్తమామలు, ఇరవై ఏడేళ్ల మరిది మండలేలోనే ఉన్నారు. మొన్న గొడవలో "నీ వీడియోలే మీ అమ్మని చంపుతాయి" అనేశాను. మూడు వారాలుగా ఆయన అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. రాత్రి రెండింటికి లేచి ఫోన్‌లో శవాల వీడియోలు చూస్తుంటారు. మా నాన్నగారేమో "మన దేశం కాదు, మనకెందుకమ్మా" అంటున్నారు. నేను స్వార్థపరురాలినా? ఆయన్ని ఆపాలా, వదిలేయాలా?

జవాబు: కాదమ్మా, మీరు స్వార్థపరులు కారు. మీ భయం ఊహల్లోంచి పుట్టింది కాదు. వెతుకుతున్న మనిషి దొరక్కపోతే తల్లినో తండ్రినో, ఆఖరికి చిన్నపిల్లల్ని కూడా పట్టుకెళ్లడం అక్కడ సైన్యం 2021 నుంచీ చేస్తున్న పనే. అక్కడి రాజకీయ ఖైదీల వివరాలు నమోదు చేసే సంఘం లెక్క ప్రకారం, అప్పటి నుంచి సైన్యం చేతిలో చనిపోయినవాళ్లు 6 వేలకు పైనే. అలాంటి ఊళ్లో అత్తమామలున్న కోడలికి టెన్షన్ లేకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అలాగని మీ ఆయనది మొండితనమని కూడా నేను అనలేను. ఆయన ఎవరి పక్కన కూర్చుని చదువుకున్నారో ఒక్కసారి ఆలోచించండి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. ఒకటి రెండు రోజుల్లోనే, ఈ ప్రభుత్వం కింద పనిచెయ్యం అని ఎర్ర రిబ్బన్లు కట్టుకుని మొదట బయటికొచ్చినవాళ్లలో మండలే జనరల్ హాస్పిటల్ డాక్టర్లున్నారు. వాళ్లలో ఆయన క్లాస్‌మేట్లు, సీనియర్లు ఎంతమందో. ఏప్రిల్ వచ్చేసరికి టీవీలో రాత్రి వార్తల్లో ఫొటోలతో సహా జాబితాలు చదివారు. వీళ్ల మీద సైన్యానికి వ్యతిరేకంగా రెచ్చగొట్టారనే 505ఎ సెక్షన్ కింద కేసు, మూడేళ్ల దాకా జైలు అని. ఆ జాబితాల్లో వందలమంది డాక్టర్లు, నర్సులు. టీకాల కార్యక్రమానికి పెద్దగా పనిచేసిన డాక్టరమ్మను కూడా ఆ జూన్‌లో అరెస్టు చేశారు. తను ఇంగ్లండ్‌లో జీతం తీసుకుంటూ, వేడినీళ్ల స్నానం చేసి, పాపతో ఆడుకుంటున్నాను కదా అన్న బాధ ఆయన్ని తినేస్తూ ఉండాలి. రాత్రి రెండింటికి ఫోన్ చూసే మనిషిలో నాకు కనిపించేది అదే.

డాక్టరు మాటకు ఇంకో విలువ కూడా ఉంది. 2021 ఫిబ్రవరి 9న రాజధాని నేపిడాలో నిరసనకు వెళ్లిన మ్యా త్వే త్వే ఖైన్ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి తలకు దెబ్బ తగిలి, పది రోజులకు చనిపోయింది. పోలీసులు నిజమైన తూటాలు వాడలేదన్నారు అధికారులు. అది నిజమైన తూటా గాయమేనని చెప్పింది ఆస్పత్రిలో చూసిన డాక్టర్లు. గాయాన్ని చూసి ఇది దేనివల్ల అయిందో చెప్పగలవాళ్లు వాళ్లే. లోపలున్నవాళ్లు ఆ మాట అంటే జైలు. బయట ఉన్నవాళ్లే అనగలరు. మీరూ డాక్టరే కాబట్టి ఇది మీకు నాకంటే బాగా అర్థమవుతుంది.

మయన్మార్‌ని బర్మా అనే రోజుల్లో మా అమ్మమ్మ రంగూన్‌లో పుట్టింది. 1942లో జపాన్ బాంబులకు భయపడి నడిచి వచ్చేసిన లక్షలమందిలో ఆమె ఒకరు. ఏటా ఒకరోజు విడిగా విస్తరి వేసి అన్నం పెట్టేది. ఎవరికని అడిగితే చెప్పేది కాదు. ఆమె పోయాక మా పెద్దమామయ్య చెప్పాడు, దారిలో జ్వరంతో ఉండిపోయిన తమ్ముడికట. నలభై ఏళ్లకు పైగా ఆ మాట ఎవరితోనూ అనకుండానే పోయింది. నోరు మూసుకుని బతికిన మనిషి ఎలా ఉంటుందో నేను ఇంట్లో చూశాను. అందుకే "ఆయన్ని ఆపండి" అని మీకు రాయలేను.

మీ నాన్నగారికి కూడా ఇదే చెప్పండి. మన విశాఖలో బర్మా క్యాంపు ఎలా వచ్చింది? కోరంగి రేవులో ఓడ ఎక్కి వెళ్లారని మనవాళ్లను బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. 1962లో సైన్యం వచ్చింది. తర్వాత రెండేళ్లకు దుకాణాలన్నీ లాక్కుంటే, కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. మనకెందుకు అనుకునేంత దూరం కాదు అది. మీ నాన్నగారు అలా అనేది కూతురి మీద బెంగతో, అంతే. ఆయనతో ఎక్కువ వాదించకండి.

ఇప్పుడు మీరన్న మాట సంగతి. "నీ వీడియోలే మీ అమ్మని చంపుతాయి." ఆయన మూడు వారాలు మౌనంగా ఉన్నది అలక వల్ల కాదని నా నమ్మకం. ఆయన మనసులో రోజూ తిరుగుతున్న భయాన్నే మీరు పైకి అనేశారు. పైగా, చంపేవాడి తప్పును కొడుకు మీద పెట్టారు. అక్కడి సైన్యం కోరుకునేది కూడా సరిగ్గా ఇదే. ఇంట్లోవాళ్లే ఒకరినొకరు నిందించుకుని, వాళ్లంతట వాళ్లే నోరు మూసుకోవాలని. మీ భయానికి మీరు క్షమాపణ చెప్పక్కర్లేదు. ఆ వాక్యానికి మాత్రం చెప్పండి. "నేను భయపడ్డాను, ఆ భయంలో తప్పు నీ మీద వేశాను, అది నీ తప్పు కాదు" అనండి. పాప పడుకున్నాక, ఫోన్లు పక్కగదిలో పెట్టి.

ఆయన వైపు తప్పు లేదా అంటే, ఉంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మాట్లాడాలని ఆయన నిర్ణయించుకున్నారు, వద్దని మీరు అంటున్నారు, మీ నాన్నగారికీ ఒక అభిప్రాయం ఉంది. మండలేలో ఉన్న ముగ్గురిని మాత్రం ఎవరూ అడగలేదు. దెబ్బ పడితే పడేది వాళ్లమీద. ఆయన ధైర్యానికి వాళ్లను హామీగా పెట్టే హక్కు ఆయనకు లేదు. వాళ్ల పేరు చెప్పి ఆయన్ని ఆపే హక్కు మీకూ లేదు. కొడుకు మాట్లాడుతుంటే గర్వంగా ఉందేమో ఆ తల్లికి. 1988లో సైన్యం రంగూన్ జనరల్ హాస్పిటల్ మీదే కాల్పులు జరిపిన రోజులు చూసిన తరం వాళ్లది. లేదా రోజూ గుమ్మం వైపు చూస్తూ వణుకుతోందేమో. మామూలు ఫోన్‌లో "మేం బాగానే ఉన్నాం బాబూ" అనే అంటుంది. మీ అమ్మగారు మీతో అనరూ?

అందుకని సరిగ్గా అడగాలి. మామూలు కాల్‌లో వద్దు, సిగ్నల్ లాంటి యాప్‌లో, మెసేజీలు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకుని. అంతకంటే మంచిది, నమ్మకమైన బంధువెవరైనా బ్యాంకాక్ వచ్చినప్పుడు వాళ్లద్వారా. దారిలో సైనికులు ఫోన్లు తీసుకుని చూస్తారు. కాబట్టి అత్తగారి ఫోన్‌లో కొడుకు సభ ఫొటోలు, సైన్యానికి నిరసనగా మూడువేళ్లు ఎత్తిన ఫొటోలు ఉండకూడదు. మీరు ముచ్చటపడి పంపినవి ఉన్నా తీసేయమనండి.

అడిగేటప్పుడు ముందు మరిది సంగతి అడగండి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ నిర్బంధ సైనిక సేవ చట్టం అమలు చేస్తున్నారు. 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లను తీసుకుపోవచ్చు, డాక్టర్ల లాంటి నిపుణులనైతే 45 ఏళ్ల దాకా. అన్నయ్య వీడియోలు లేకపోయినా మీ మరిదికి ఆ ప్రమాదం ఉంది. అతను బయటికి రావాలనుకుంటే ఆ పని జరిగేదాకా ఆయన పేరుతో, ముఖంతో మాట్లాడటం ఆపడం న్యాయం. ఇది ఓడిపోవడం కాదు, తమ్ముడి కోసం కొన్ని నెలలు ఆగడం. నా అభిప్రాయంలో ఈ ఒక్కటీ ఆయన తప్పక ఒప్పుకోవాలి.

బర్మావాళ్లకు ఇంటిపేర్లు ఉండవు కదా, పేరు చూసి అమ్మానాన్నలను పట్టలేరని ఆయన అనొచ్చు. కానీ ప్రతి ఇంటికీ అధికారుల దగ్గర సభ్యుల జాబితా ఉంటుంది. ఆ ధీమా వద్దని చెప్పండి.

వాళ్లు "ఆపు బాబూ" అంటే ఆయన చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. డాక్టర్ సింథియా మాంగ్ 1988 తిరుగుబాటు తర్వాత సరిహద్దు దాటి వెళ్లి, 1989లో థాయ్‌లాండ్‌లోని మే సోట్‌లో చిన్న క్లినిక్ పెట్టారు. ఇప్పటికీ బర్మా నుంచి వచ్చే వేలమందికి అక్కడే వైద్యం. 2002లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన సెలవుల్లో అలాంటి చోట పనిచేయొచ్చు. లోపలున్న డాక్టర్లకు ఆపరేషన్ సలహాలు ఇస్తూనే ఉండొచ్చు. నలుగురు డాక్టర్లు కలిసి రాసే ప్రకటనకు పేరు బయటపెట్టకుండా విషయం అందించొచ్చు, మీ ఎంపీని కలిసి విడిగా చెప్పొచ్చు. "మాట్లాడు" అంటే మాట్లాడనివ్వండి, కానీ నినాదాల కంటే డాక్టరుగా చూసినవి, తెలిసినవి చెప్పమనండి. పేషెంట్ల ముఖాలు, లోపలి ఆస్పత్రుల పేర్లు, ఊళ్లు రాకూడదు. అప్పుడు మీరు కూడా ఆయన పక్కన నిలబడాలి, ముఖం మాడ్చుకుని కాదు.

మీ ఆయన పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉందో ఇవాళే చూడండి. లండన్‌లో మయన్మార్ రాయబారి సైన్యానికి ఎదురుచెప్పినందుకు 2021 ఏప్రిల్‌లో ఆయన్నే ఎంబసీ బయట పెట్టి తాళం వేశారు. మీ ఆయన అక్కడికి రెన్యువల్‌కి వెళ్లేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి, గడువు అయిపోయాక కాదు.

ఇక ఆయన నిద్ర. ఇది చిన్న విషయం కాదు. తెల్లారి పేషెంట్లను చూడాల్సిన మనిషి. ఇంగ్లండ్‌లో డాక్టర్ల కోసమే ప్రాక్టీషనర్ హెల్త్ అనే సర్వీసు ఉంది, వివరాలు గోప్యంగా ఉంచుతారు. "నీకు జబ్బు" అనకండి. "నీకు వచ్చిన పేషెంట్ ఇలా ఉంటే ఏం రాస్తావు?" అని అడగండి. పాప ఉన్న గదిలో ఆ వీడియోలు వద్దు. దీని మీద మాత్రం గట్టిగా ఉండండి.

అత్తగారితో మాట్లాడే రోజు ముందు పాపను మాట్లాడనివ్వండి, నానమ్మ ఊపిరి తీసుకుంటుంది. తర్వాత ఆ ప్రశ్న మాత్రం మీ ఆయనే అడగాలి, వాళ్ల భాషలో. మీకు అన్నీ అర్థం కాకపోయినా పక్కనే కూర్చోండి.